నీళ్ల మీద నుంచి లేచే ఆ అర నిమిషం: సీప్లేన్ అధికారులకు బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖకు, విమానాల భద్రతను చూసే డీజీసీఏకు, ఆంధ్రప్రదేశ్ విమానాశ్రయాల అభివృద్ధి సంస్థకు, రాష్ట్ర పర్యాటక శాఖకు,

అయ్యా, అమ్మా,

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ని ప్రయోగాత్మకంగా నడిపారు. ముఖ్యమంత్రి, కేంద్ర విమానయాన మంత్రి అందులోనే వెళ్లి మల్లన్న దర్శనం చేసుకున్నారు. ఊళ్లో సంబరంగానే ఉండింది. నాకూ సంతోషం వేసింది. బస్సులో నల్లమల ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ రోజంతా పోయే ప్రయాణం గంటలోపు అయిపోతుందంటే, మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దవాళ్లకి అంతకంటే కావాల్సిందేముంది?

ఆ తర్వాత రెండు నెలలు కూడా గడవకముందే, 2025 జనవరి 7న, పశ్చిమ ఆస్ట్రేలియాలోని రాట్‌నెస్ట్ ద్వీపం దగ్గర నీళ్ల మీద తేలే ఫ్లోట్లు కింద బిగించిన సెస్నా కారవాన్ అనే చిన్న విమానం ఒకటి పెర్త్‌కి తిరుగు ప్రయాణంలో నీళ్ల మీద నుంచి లేస్తూ కూలిపోయింది. అందులో ఏడుగురున్నారు. పైలట్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఒక మహిళ, డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన చనిపోయారు. నలుగురు బతికి బయటపడ్డారు. విమానం ఆకాశంలో దూరం వెళ్లి ఎక్కడో పడిపోలేదు. థామ్సన్ బే అనే చిన్న అఖాతంలో, సెలవులకొచ్చిన జనం చూస్తుండగానే, టేకాఫ్‌లోనే అంతా అయిపోయింది.

ఈ వార్త మన పేపర్లలో లోపలి పేజీలో చిన్న ముక్కగా వచ్చి పోయింది. మీ ఆఫీసుల్లో మాత్రం దాన్ని ఎవరైనా పూర్తిగా చదివి, 'మన పున్నమి ఘాట్‌లో ఇదే జరిగితే?' అని కూర్చుని మాట్లాడారా అన్నది నా సందేహం. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. నేను పైలట్‌ని కాదు. ప్రమాదాల దర్యాప్తు నివేదికలు చదివే అలవాటున్న మామూలు విజయవాడ మనిషిని. సీప్లేన్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. రావాలి. వచ్చేటప్పుడు సరిగ్గా రావాలి.

మొదట టేకాఫ్ సంగతి మాట్లాడతాను. మీకు తెలిసిన విషయమే అయినా, ఈ లేఖ చదివే జనానికి తెలియాలి కదా.

గన్నవరం రన్‌వే మీద లేవడానికీ, కృష్ణలో లేవడానికీ చాలా తేడా ఉంది. రన్‌వే కదలదు, ఒరగదు, దాని మీద గుర్రపుడెక్క పెరగదు. నీళ్ల మీద విమానం మొదట అచ్చం పడవే. ముక్కు పైకెత్తి నీళ్లను తోసుకుంటూ వెళ్తుంది. ఇంజన్ పూర్తి పవర్‌లో ఉన్నా వేగం అందుకోవడానికి కాస్త టైం పడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఫ్లోట్లు పైకి తేలి, నీటి ఉపరితలం మీద జారడం మొదలవుతుంది. దీన్ని పైలట్లు 'స్టెప్' మీదకి రావడం అంటారు. అప్పటికీ కింద నుంచి నీళ్లు పట్టి లాగుతూనే ఉంటాయి, రెక్కలకు కావాల్సినంత గాలి ఇంకా పూర్తిగా అంది ఉండదు. ముక్కు కాస్త ఎక్కువ ఎత్తినా, కాస్త ఎక్కువ దించినా విమానం కప్పగంతులు వేయడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి గాల్లోకి లేచి, నిలదొక్కుకునేంత వేగం వచ్చేదాకా ఉన్న కొన్ని సెకన్లలో పైలట్ చేతిలో వేగమూ లేదు, ఎత్తూ లేదు. ఆ రెండూ లేనప్పుడు తప్పు జరిగితే సరిదిద్దుకునే అవకాశం చాలా తక్కువ.

ఇంకో విచిత్రం ఏమిటంటే, నీళ్లు మరీ నిశ్చలంగా ఉన్నా కష్టమే. అలలున్న నీటి మీద ఫ్లోట్ల కింద గాలి దూరి పట్టు సడలుతుంది. తెల్లవారుజామున బ్యారేజీ వెనక కృష్ణ అద్దంలా ఉంటుంది చూడండి, ఫొటోలకి ఎంత బాగుంటుందో, అలాంటి నీళ్లు ఫ్లోట్లను అంత గట్టిగా పట్టుకుంటాయి. పరుగు పొడుగవుతుంది. అందుకే పైలట్లు ఒక్కోసారి తామే గుండ్రంగా తిరిగి అలలు పుట్టించి, వాటి మీదుగా లేస్తారు, లేదా ముందు ఒక ఫ్లోట్‌ని నీటి నుంచి పీకి తర్వాత రెండోది లేపుతారు. దీనికి మే నెల ఎండ తోడైతే చెప్పక్కర్లేదు. వేడెక్కిన గాలి పలుచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ శక్తీ తగ్గుతుంది. ఉదయం ఏడింటికి చక్కగా లేచిన విమానం అదే బరువుతో మధ్యాహ్నం రెండింటికి అంతే దూరంలో లేస్తుందని ఎవరూ అనుకోకూడదు. బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పాలా!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సీప్లేన్ టేకాఫ్ ప్రమాదాల నివేదికలు చదువుతుంటే మనసులో ముల్లులా గుచ్చుకునేది ఒకటుంది. దెబ్బ తగిలి చనిపోయేవాళ్లకంటే, దెబ్బ తగిలినా బతికి ఉండి, నీళ్లలో మునిగిన విమానంలోంచి బయటికి రాలేక చనిపోయేవాళ్లే ఎక్కువ.

కెనడాలో 2009 నవంబర్ 29న జరిగింది చూడండి. బ్రిటిష్ కొలంబియాలో సటర్నా ద్వీపం దగ్గర లయల్ హార్బర్ నుంచి బీవర్ రకం చిన్న సీప్లేన్ ఒకటి లేచింది. పైలట్‌తో కలిపి ఎనిమిది మంది, అందులో ఒక పసిబిడ్డ. చుట్టూ కొండలు. వాటి మీద నుంచి కిందికి దిగే గాలి, ఆగి ఆగి వీచే విసురు. మలుపు తిరిగేటప్పుడు విమానం ఒరిగింది, స్టాల్ అయింది, అంటే రెక్కలకు పట్టు తప్పింది, నీళ్లలో పడింది. పైలట్, ఒక ప్రయాణికురాలు బయటపడ్డారు. మిగతా ఆరుగురూ నీళ్లలో మునిగి చనిపోయారు. అక్కడి రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసి చెప్పినవి: బరువు వెనక్కి ఎక్కువగా మళ్లింది. స్టాల్ హెచ్చరిక పనిచేసే స్థితిలో లేదు. పడ్డ దెబ్బకి నాలుగు తలుపుల్లో రెండు బిగుసుకుపోయాయి. లైఫ్ జాకెట్ ఎవరి ఒంటి మీదా లేదు.

అదే బోర్డు ఇంకో లెక్క కూడా చెప్పింది. అంతకుముందు ఇరవై ఏళ్లలో నీళ్లలో కూలి మునిగిన విమానాల్లో చనిపోయినవాళ్లలో దాదాపు 70 శాతం మంది మునిగిపోయి చనిపోయినవాళ్లేనట. వాళ్లు రెండు సిఫార్సులు చేశారు. ఒకటి, తలుపులూ కిటికీలూ దెబ్బ తిన్నాక కూడా తేలిగ్గా తెరుచుకునేలా, కిటికీ తోస్తే ఊడివచ్చేలా ఉండాలని. రెండోది, సీప్లేన్‌లో ప్రతి ఒక్కరూ తేలే జాకెట్ తొడుక్కునే కూర్చోవాలని. రెండోదాన్ని కెనడా ప్రభుత్వం నిబంధనగా తెచ్చేసరికి 2019 అయింది. పైలట్లు నీటి అడుగున తలకిందులైన క్యాబిన్ నుంచి బయటపడే శిక్షణ తీసుకోవాలన్నది కూడా అప్పుడే వచ్చింది. అంత అనుభవమున్న దేశానికి ఆరుగురి ప్రాణాలు పోయాక కూడా పదేళ్లు పట్టింది. మనం ఆ పదేళ్లు కొత్తగా పోగొట్టుకోవాల్సిన పనేముంది? వాళ్లు రాసి పెట్టిన కాగితం మన ముందే ఉంది.

లైఫ్ జాకెట్ అంటే సీటు కింద ఉండే జాకెట్ గురించి నేను మాట్లాడటం లేదు. పెద్ద విమానాల్లో ఎయిర్‌హోస్టెస్ చూపించి మళ్లీ సంచీలో పెట్టేసే జాకెట్ సీప్లేన్‌లో పనికిరాదు. తలకిందులైన క్యాబిన్‌లో, నీళ్లు ముక్కుల్లోకి పోతుండగా, చీకట్లో, సీటు కింద చెయ్యి పెట్టి వెతుక్కుని, ప్యాకెట్ చింపి తొడుక్కోవడం ఎవరి తరం? నడుముకో మెడకో పలుచగా కట్టుకునేవి ఉంటాయి, తాడు లాగితే గాలి నిండేవి. ఒడ్డునే అవి కట్టించాలి.

కానీ జాకెట్ కడితే సరిపోదు, ఎప్పుడు ఊదాలో చెప్పాలి. 1996లో హైజాక్ అయిన ఇథియోపియన్ విమానం కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో దిగినప్పుడు, దెబ్బ తట్టుకుని బతికున్నవాళ్లలో చాలామంది లోపలే జాకెట్ ఊదేసుకున్నారు. క్యాబిన్‌లోకి నీళ్లు రాగానే ఆ జాకెట్లే వాళ్లని పైకప్పుకి నొక్కిపెట్టాయి, తలుపు దాకా దిగి రాలేకపోయారు. కాబట్టి బయటికి వచ్చాకే తాడు లాగాలి. ఈ ఒక్క ముక్క తెలియకపోతే కట్టిన జాకెట్టే ప్రాణం తీస్తుంది.

మన ప్రయాణికులు ఎవరో ఒకసారి ఊహించుకోండి. శ్రీశైలం వెళ్లేది మాల్దీవుల్లో హనీమూన్‌కి పోయే జంటలు కాదు. పంచె కట్టుకున్న తాతయ్యలు, చీరల్లో అమ్మమ్మలు, ఒళ్లో మనవళ్లు. చాలామందికి ఈత రాదు. చాలామంది అసలు విమానమే మొదటిసారి ఎక్కుతారు. సీటు బెల్టు పెట్టడం వరకు పక్కవాళ్లు సాయం చేస్తారు. తీయడం ఎవరు చేస్తారు? తలకిందులుగా వేలాడుతున్నప్పుడు బకిల్ ఎక్కడుందో చేతికి తెలిసుండాలి, చీర కొంగు దానిలో చిక్కుకోకూడదు. కాబట్టి నేను అడిగేది ఇది: ఘాట్‌లోనే ఒక డమ్మీ సీటు, ఒక డమ్మీ తలుపు, ఒక కిటికీ పెట్టండి. ప్రతి ప్రయాణికుడూ కళ్లు మూసుకుని ఒక్కసారి బెల్టు తీయాలి, ఒక చేత్తో సీటునో తలుపు అంచునో పట్టుకుని ఇంకో చేత్తో గడియ తిప్పాలి. పది నిమిషాల పని. చెప్పేది తెలుగులో చెప్పాలి, హిందీ టేపు పెట్టి వదిలేయకూడదు. ఆ పది నిమిషాలు చేయనివాళ్లని ఎక్కించకూడదు, వాళ్లు ఎమ్మెల్యే బంధువులైనా సరే.

ఇది అతి జాగ్రత్త అనుకునేవాళ్లు మన నదుల సంగతి గుర్తు చేసుకోవాలి. 2017 నవంబర్ 12న, కార్తీక మాసం ఆదివారం సాయంత్రం, మీ సీప్లేన్ లేచిన చోటికి కాస్త ఎగువన పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే పర్యాటక బోటు మునిగింది. యాభై మంది దాకా పోయారు. ఆ రెండింటి తర్వాతా టీవీల్లో లైఫ్ జాకెట్ల చర్చే నడిచింది. కచ్చులూరులో బతికినవాళ్లని కాపాడింది ముందుగా ఒడ్డునున్న ఊళ్ల గిరిజనులు, వాళ్ల చిన్న పడవలు. మునిగిన బోటుని కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లూ తాళ్లతో బయటికి లాగేసరికి నెల దాటిపోయింది. శ్రీశైలం జలాశయం లోతు, పాతాళగంగ దగ్గరి కొండలు, అక్కడి నుంచి పెద్దాసుపత్రి ఎంత దూరమో తెలిసినవాళ్లకి నేను ఎందుకు ఇదంతా గుర్తు చేస్తున్నానో అర్థమవుతుంది.

కాబట్టి టేకాఫ్ జరిగే ప్రతిసారీ, టేకాఫ్ జరిగే చోటే, ఇంజన్ ఆన్‌లో ఉన్న రెస్క్యూ బోటు ఉండాలి. అందులో అద్దం పగలగొట్టే పనిముట్టు, బెల్టు కోసే కత్తి, నీళ్లలో దిగగలిగే ఇద్దరు మనుషులు ఉండాలి. ఫోన్ చేస్తే ఘాట్ నుంచి వచ్చే బోటు కాదు. నీటిలో మునిగిన క్యాబిన్‌లో ఊపిరి ఎంతసేపు ఉంటుందో మీకే తెలుసు. ప్రయోగం రోజున ముఖ్యమంత్రి ఎక్కారు కాబట్టి భద్రతకి లోటుండే ప్రశ్నే లేదు. నేను అడిగేది మామూలు మంగళవారం, ముఖ్యమంత్రి లేని ట్రిప్పు గురించి.

నదిలో వేరే పడవల సంగతి. 2024 జూన్ 8న కెనడాలోనే వాంకూవర్ హార్బర్‌లో టేకాఫ్ పరుగులో ఉన్న సీప్లేన్ ఒక విహార పడవని గుద్దుకుంది. అక్కడ సీప్లేన్ల కోసం ప్రత్యేకంగా టవర్ ఉంది, కంట్రోలర్ ఉన్నాడు, దశాబ్దాలుగా విమానాలు లేస్తున్న నీళ్లవి. అయినా జరిగింది. విమానంలోని వాళ్లందర్నీ దగ్గర్లోని పడవల వాళ్లే కాపాడారు, పడవలో ఉన్నవాళ్లకి గాయాలయ్యాయి. టేకాఫ్ పరుగు మొదట్లో ముక్కు పైకెత్తుకుని ఉంటుంది కదా, ఎదురుగా నీళ్లలో ఏముందో పైలట్‌కి సరిగ్గా కనపడదు కూడా.

మన దగ్గర పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పర్యాటక బోట్లు తిరుగుతుంటాయి. తెల్లారకముందే వలలు వేసే నాటు పడవలు, పుట్టీలు ఉంటాయి. వల అంచున తేలే ప్లాస్టిక్ డబ్బాలు కొన్ని మీటర్ల దూరం దాకా కనపడవు. వరదొస్తే ఇంకా చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి పైనుంచి కొట్టుకొచ్చిన భారీ బోట్లే ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దాయి. అంత బరువున్నవే కొట్టుకొచ్చినప్పుడు, వరద తగ్గాక ఇంకా వారాల తరబడి నీళ్లలో సగం మునిగి తేలే తాటి మొద్దులెన్ని ఉంటాయి? ఫ్లోట్ అంటే లోపల గదులు గదులుగా కట్టిన పలుచటి అల్యూమినియం రేకు డొల్ల. ఓ మొద్దు చాలు దానికి చిల్లు పెట్టడానికి. ఒక గదిలో నీళ్లు చేరితే విమానం ఆ పక్కకి బరువెక్కుతుంది, అలాగే లేవబోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి సులువైన మార్గం ఉంది. మత్స్యకారులతో మాట్లాడండి. 2013లో కేరళలో సీప్లేన్ పథకం అష్టముడి సరస్సు దగ్గరే ఆగిపోయింది, మత్స్యకారులు ఒప్పుకోలేదు కాబట్టి. వాళ్లని అడ్డంకిగా చూశారు, వాళ్లూ అడ్డం పడ్డారు. కృష్ణలో ఏ టైంకి ఎక్కడ వలలుంటాయో, ఏ ఇసుక తిన్నె ఎక్కడికి జరిగిందో వాళ్లకి తెలిసినంత ఏ శాటిలైట్‌కీ తెలియదు. టేకాఫ్ లేన్‌ని ప్రతిసారీ ముందుగా చుట్టి వచ్చే కాపలా బోటు ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వండి, జీతంతో, శిక్షణతో. ప్రమాదం జరిగితే ముందుగా నీళ్లలోకి దూకేది ఎలాగూ వాళ్లే.

శ్రీశైలం వైపు ఇంకో చిక్కు. జలాశయం నిండితే 885 అడుగులు. వేసవికి ఎన్నో పదుల అడుగులు కిందికి పోతుంది. ఆగస్టులో విశాలంగా ఉన్న లేన్ ఏప్రిల్‌లో సన్నబడుతుంది, ఒడ్డునున్న రాళ్లు నీటి మట్టానికి అర అడుగు కిందికి వచ్చి కూర్చుంటాయి. రెండు వైపులా నల్లమల కొండలు, వాటి మీద నుంచి దిగే గాలి. సటర్నాలో జరిగింది దాదాపు ఇలాంటి చోటే. ఏ నీటి మట్టం కంటే తగ్గితే సర్వీసు ఆపుతారో, గాలి ఎంత దాటితే ఆపుతారో అంకెలు రాసి బోర్డు మీద పెట్టండి. ఎయిర్‌పోర్టులో విమానం ఎందుకు లేటో ఎవరూ చెప్పరు కదా, ఇక్కడ అలా వద్దు. ఘాట్‌లో గాలి వేగం చూపించే బోర్డు ఒకటి పెడితే, ట్రిప్పు ఎందుకు రద్దయిందో జనానికే కనపడుతుంది.

ఇప్పుడు చెప్పబోయేదే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. టేకాఫ్ ఆపేసే హక్కు పైలట్‌దే అని కాగితం మీద ఉంటుంది. ఆచరణలో శివరాత్రి ముందు రోజు, టికెట్లు కొన్న జనం క్యూలో ఉండగా, ఎవరో పెద్దాయన దర్శనానికి టైం అయిపోతుండగా, పక్కన ఆపరేటర్ మేనేజర్ వాచీ చూసుకుంటుండగా, ఓ కుర్ర పైలట్ 'ఇవాళ వద్దు' అనగలడా? అనగలిగేలా చేయాల్సింది మీరు. రద్దయితే టికెట్ డబ్బు మొత్తం తిరిగి ఇచ్చే నిబంధన ఉండాలి, రద్దు చేసిన పైలట్ జీతంలో రూపాయి కోతపడకూడదు, ఎవరు ఒత్తిడి తెచ్చినా పేరుతో సహా డీజీసీఏకి రాసే దారి ఉండాలి. ఏడాదికి ఎన్ని ట్రిప్పులు గాలి వల్ల, నీటి వల్ల రద్దయ్యాయో ఆపరేటర్ బయటపెట్టాలి. ఆ సంఖ్య సున్నా అయితే నేను ఆ విమానం ఎక్కను.

బరువు విషయంలో మన వాళ్లకి మొహమాటం ఎక్కువ, అందుకే దీన్ని విడిగా చెప్పాలి. ప్రయోగానికి మీరు తెచ్చిన ట్విన్ ఆటర్ విమానానికి రెండు ఇంజన్లున్నాయి, మంచి విమానం, చక్రాల మీద అయితే పంతొమ్మిది మందిని మోస్తుంది. ఫ్లోట్లు బిగిస్తే వాటి బరువే చాలా, మోయగలిగేది తగ్గిపోతుంది. చిన్న విమానానికి ఎంత బరువన్నదే కాదు, ఎక్కడ బరువన్నదీ ముఖ్యం. మాల్దీవుల్లో సీప్లేన్ ఎక్కేవాళ్ల లగేజీ తూస్తారు, పరిమితి దాటితే వేరే విమానంలో పంపుతారు. మన దగ్గర ఒక్కొక్కరినీ త్రాసు మీద నిలబెట్టాలి. తిరుగు ప్రయాణంలో ప్రసాదం సంచులు, స్టీలు క్యాన్లు, విభూతి ప్యాకెట్లు కూడా తూయాలి. 'ఒక్క చిన్న సంచే కదా సార్' అని వెనక సీట్ల వెనక తోసేదే సటర్నాలో బరువు వెనక్కి మళ్లడమంటే.

మెయింటెనెన్స్ గురించి ఒక్క మాట. 2005 డిసెంబర్ 19న అమెరికాలో మయామీ నుంచి లేచిన చాక్స్ ఓషన్ ఎయిర్‌వేస్ మల్లార్డ్ సీప్లేన్‌కి టేకాఫ్ అయిన కాసేపటికే కుడి రెక్క ఊడిపోయింది. ఇరవై మందీ పోయారు. 1947లో తయారైన విమానం, రెక్కలో అలసట పగులు, అంటే ఏళ్ల తరబడి వాడకంతో లోహంలో వచ్చే పగులు. ఇంధనం కారుతుంటే పైపైన పూతలు పూసి సరిపెట్టుకున్నారని, అసలు పగులుని పట్టుకోలేదని దర్యాప్తులో తేలింది. రేపు కాకినాడ, విశాఖ లాంటి ఉప్పునీటి చోట్లకి ఈ సర్వీసు వెళ్తే, లోహాన్ని ఉప్పు తినే వేగమే వేరు. గుజరాత్‌లో 2020 అక్టోబర్ 31న ఆర్భాటంగా మొదలైన సబర్మతి సీప్లేన్‌కి సర్వీసింగ్ చేయాలంటే మాల్దీవులకి పంపాల్సి వచ్చేది. చివరికి అది ఆగిపోయింది. ఇక్కడ నడిపే విమానాన్ని ఇక్కడే రోజూ మంచినీళ్లతో కడిగి, ఫ్లోట్లలో చేరిన నీళ్లు తోడి, పగుళ్లు వెతికే మనుషులు, షెడ్డు లేకుండా లైసెన్సు ఇవ్వొద్దు.

2024 ఆగస్టులో మీరు విడుదల చేసిన మార్గదర్శకాల్లో నాన్-షెడ్యూల్డ్ పర్మిట్, అంటే టైంటేబుల్ లేకుండా విమానాలు నడిపే అనుమతి, ఉన్న చిన్న ఆపరేటర్లు కూడా సీప్లేన్లు నడపడానికి దారి తెరిచారు. అది తప్పని నేననను, అంత చిన్న విమానానికి పెద్ద ఎయిర్‌లైన్ నిబంధనలన్నీ పెడితే ఎవరూ ముందుకి రారు. కానీ కాగితం పని తగ్గించినప్పుడు కళ్ల పని పెంచాలి. మొదటి ఏడాది పాటు ప్రతి జలాశయం దగ్గరా చెప్పకుండా వచ్చి చూసే ఇన్‌స్పెక్టర్ ఉండాలి. నదికి యజమానులు చాలామంది: జలవనరుల శాఖ గేట్లు తీస్తుంది, పర్యాటక శాఖ బోట్లు తిప్పుతుంది, మత్స్యశాఖ వలలకి లైసెన్సు ఇస్తుంది, పోలీసులు ఘాట్ చూస్తారు. బ్యారేజీ గేట్లు ఎత్తితే నీటి లాగుడు మారుతుంది, ఆ సంగతి పైలట్‌కి ఎవరు చెప్తారు, ఏ నంబర్ నుంచి, టేకాఫ్‌కి ఎంత ముందు? పవిత్ర సంగమం ప్రమాదం తర్వాత అనుమతి ఎవరు ఇవ్వాలి, ఎవరు ఆపాలి అన్న దాని మీద ఒకరి మీద ఒకరు వేలు చూపించుకోవడం మేమంతా చూశాం. ఈసారి ఒక్క అధికారి పేరు, హోదా ముందే రాసి పెట్టండి.

పైన అడిగిన వాటిలో ఏవి ఇప్పటికే చేశారో, ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, చేయలేకపోతే కారణమేమిటో టికెట్ల అమ్మకం మొదలయ్యేలోపు తెలుగులో బయటపెట్టండి. వీలైతే ఘాట్‌లో ఒక ఆదివారం ఉదయం అందర్నీ పిలిచి మీటింగ్ పెట్టండి. మత్స్యకారులూ, బోటు డ్రైవర్లూ, పైలట్లూ ఒకే చోట కూర్చుని మాట్లాడుకుంటే సగం చిక్కులు అక్కడే తేలిపోతాయి. నేనూ వస్తాను.

ఇట్లు,
విజయవాడ పౌరుడు ఒకరు